స్లీపింగ్ బ్యాగ్ ఎలా ఎంచుకోవాలి: లంబసింగి చలి నుంచి హిమాలయాల మంచు దాకా

"డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కుకు వెళ్తున్నాం, ఎన్ని డిగ్రీల బ్యాగ్ కొనాలి?" చలికాలం దగ్గర పడిందంటే ఈ ప్రశ్న పదే పదే వస్తుంది. ఒక అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ అలా అంకె ఒక్కటే పట్టుకుని కొన్నవాళ్లలో చాలామంది కొండ మీద నిద్ర లేకుండా తెల్లవార్లూ వణుకుతారు. బ్యాగ్ మీద రాసి ఉన్న అంకెల్లో మనం చూడాల్సింది ఒకటైతే వాళ్లు చూసింది ఇంకొకటి. పైగా కింద పరిచే మ్యాట్ గురించి ఎవరూ అడగరు. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతా ఎంపిక కష్టం కాదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు పడుకోబోయే క్యాంపు ఎత్తు (మీటర్లలో), వెళ్లే నెల
- దానికి దగ్గరలోని ఊరిలో ఆ నెల రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత
- కొలత టేపు
- రాత్రి వేసుకుని పడుకునే బట్టలు, జాకెట్
- ఇప్పటికే మ్యాట్ ఉంటే దాని ఆర్ విలువ (R-value, నేల చలిని మ్యాట్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె)
- బ్యాగ్‌కీ మ్యాట్‌కీ కలిపి ఒకే బడ్జెట్. డబ్బంతా బ్యాగ్ మీద పెట్టేసి, మిగిలిన చిల్లరతో మ్యాట్ కొనడం సరికాదు.

1. అసలు కొనాలా అని తేల్చుకోండి

ట్రెక్ నిర్వాహకులతో వెళ్తుంటే క్యాంపులో టెంటు, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ సాధారణంగా వాళ్లే ఇస్తారు. ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: బ్యాగ్ కంఫర్ట్ రేటింగ్ (ఎంత చలి దాకా హాయిగా నిద్రపోవచ్చో చెప్పే అంకె, 3వ అంచె చూడండి) ఎంత, మ్యాట్ ఎలాంటిది, లోపల వేసుకునే లైనర్ (పలచని గుడ్డ సంచి) ఇస్తారా. ఇలాంటి ట్రెక్కు ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లు సొంతంగా ఒక లైనర్ మాత్రం కొనుక్కుంటే చాలు. పట్టుదైతే 150 గ్రాముల లోపే ఉంటుంది, శుభ్రం సంగతీ తీరుతుంది. మనాలీ, లేహ్‌లలోనూ, ఖాట్మండూలోని థమేల్‌లోనూ బ్యాగులు అద్దెకు దొరుకుతాయి. అద్దె బ్యాగ్ అయినా 8వ అంచెలో చెప్పిన పరీక్షలు చేయకుండా తీసుకోవద్దు.

సొంతంగా టెంటు మోసుకుని తిరిగేవాళ్లు, ఏడాదికి నాలుగైదుసార్లు బయట పడుకునేవాళ్లు కొనుక్కోవడమే మంచిది.

2. రాత్రి చలి ఎంత ఉంటుందో లెక్కేయండి

ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మనాలీ దాదాపు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. మీ క్యాంపు 3,500 మీటర్ల దగ్గరనుకుందాం. తేడా 1,450 మీటర్లు, అంటే దాదాపు 9 డిగ్రీలు. మనాలీలో ఆ రాత్రి 5 డిగ్రీలుంటే క్యాంపులో మైనస్ 4.

ఈ లెక్కను మన తూర్పు కనుమలకు వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. లంబసింగి 1,000 మీటర్ల ఎత్తున ఉంది కదా, విశాఖలో 18 ఉంటే అక్కడ 12 ఉంటుందిలే అనుకుంటే దెబ్బతింటారు. విశాఖను సముద్రం రాత్రిపూట కూడా వెచ్చగా ఉంచుతుంది. లంబసింగిలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోతుంది, చల్లగాలి బరువుగా లోయలోకి దిగి అక్కడే నిలుస్తుంది. అందుకే డిసెంబరు, జనవరిల్లో అక్కడ 5 డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రులుంటాయి. సముద్రం ఒడ్డు ఊరిని కాక, పక్కనే ఉన్న చింతపల్లి కనిష్ఠాన్ని చూడండి. ఆదిలాబాద్ వైపు ఎత్తు పెద్దగా లేకపోయినా చలికాలం రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే.

వచ్చిన అంకె నుంచి ఇంకో 5 డిగ్రీలు తీసేయండి. గాలి, అలసట, ఆ ఏడాది చలి ఎక్కువగా ఉండటం, అన్నీ ఆ 5 డిగ్రీల్లో సర్దుకుంటాయి. దీన్ని మీ "లక్ష్యం అంకె" అనుకోండి.

3. మూడు అంకెల్లో కంఫర్ట్ మాత్రమే చూడండి

ప్రమాణాల ప్రకారం పరీక్షించిన బ్యాగుల మీద ఐఎస్ఓ 23537 అని గానీ, పాతవైతే ఈఎన్ 13537 అని గానీ ఉంటుంది. కింద మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి.

- కంఫర్ట్: సగటు మహిళ వెల్లకిలా, హాయిగా పడుకుని నిద్రపోగల ఉష్ణోగ్రత.
- లిమిట్: సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని వణుకు రాకుండా నెట్టుకురాగల ఉష్ణోగ్రత.
- ఎక్స్‌ట్రీమ్: ప్రాణం నిలవడానికి సంబంధించిన అంకె. ఇక్కడ నిద్ర ఉండదు, శరీరం ప్రమాదకరంగా చల్లబడే ముప్పు ఉంటుంది.

ఒక బ్యాగ్ కంఫర్ట్ 0 అయితే లిమిట్ మైనస్ 5 లేదా 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 20 దాటి కూడా ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో పెద్ద అక్షరాలతో "మైనస్ 20" అని అమ్మే చవక బ్యాగుల్లో చాలావాటి మీద ఉండేది ఈ చివరి అంకే. కొన్నింటికి అసలు పరీక్షే జరిగి ఉండదు. కంఫర్ట్ అంకె ఎక్కడా రాయని బ్యాగ్‌ను చలి ప్రాంతానికి తీసుకెళ్లవద్దు, ఎంత తక్కువకు వచ్చినా సరే.

మీ లక్ష్యం అంకె, బ్యాగ్ కంఫర్ట్ అంకె సమానంగా ఉండాలి, లేదా బ్యాగ్ ఇంకా చల్లటిదానికి పనికొచ్చేదై ఉండాలి. చలి తట్టుకోగల మగవాళ్లు మాత్రం లిమిట్ వైపు రెండు మూడు డిగ్రీలు జరగొచ్చు. చలికి తొందరగా వణికేవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు, యాభై దాటినవాళ్లు జరగవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడి బ్యాగుల పేర్లలో ఉండే 20, 30 అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. పైగా మగవాళ్ల మోడళ్లలో అది చాలాసార్లు లిమిట్ అంకె. "20" అని ఉన్న బ్యాగ్ మైనస్ 7 సెల్సియస్‌కు లిమిట్, కంఫర్ట్ సున్నా దరిదాపుల్లో ఉంటుంది. అక్కడి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ మార్పిడి చేసి చూడండి.

4. ముందు మ్యాట్, తర్వాత బ్యాగ్

బ్యాగ్‌లో మీ ఒంటి కింద పడిన భాగం నలిగిపోతుంది. నలిగిన నింపుడులో (బ్యాగ్ లోపల నింపిన నూగు లేదా పోగులో) గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఉండదు. కాబట్టి కింది నుంచి వచ్చే చలిని ఆపేది మ్యాటే. బ్యాగ్ రేటింగ్ కూడా సరైన మ్యాట్ మీద పెట్టి చేసిన పరీక్షతోనే వస్తుంది. సిమెంటు గచ్చు లాంటి చల్లని నేల మీద పలచని షీటు పరుచుకుని పడుకుంటే కంఫర్ట్ 0 బ్యాగ్ 8 డిగ్రీలకు కూడా చాలకపోవచ్చు.

ఆర్ విలువ ఎంత ఎక్కువైతే మ్యాట్ చలిని అంత బాగా ఆపుతుంది.

- రాత్రి 10 డిగ్రీల పైన: ఆర్ 1 నుంచి 2
- 0 నుంచి 10 దాకా: ఆర్ 2 నుంచి 3.5
- సున్నా కింద: ఆర్ 4 పైన
- మంచు మీద: ఆర్ 5 లేదా అంతకు పైన

రెండు మ్యాట్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే వాటి విలువలు కూడుకోవచ్చు. ఆర్ 2 ఫోమ్ మ్యాట్ కింద, ఆర్ 3 గాలి మ్యాట్ పైన వేస్తే 5 అవుతుంది. గాలి మ్యాట్‌కు రాత్రి చిల్లు పడినా కింద ఫోమ్ ఉంటుంది కనుక, మంచు ట్రెక్కులకు ఈ జోడీయే నా మొదటి సలహా. ఇంట్లో వాడే మందపాటి గాలి పరుపు మెత్తగా ఉంటుంది కానీ, లోపల ఇన్సులేషన్ లేకపోతే ఆ గాలి కదులుతూ మీ వేడిని నేలకు చేరవేస్తూనే ఉంటుంది. దాన్ని ఇంటికే పరిమితం చేయండి.

5. డౌనా, సింథటిక్ పోగా?

డౌన్ అంటే బాతుల రొమ్ము దగ్గర ఉండే మెత్తటి నూగు. అదే వెచ్చదనానికి సింథటిక్ కంటే చాలా తేలిక, చిన్న పొట్లంగా నలుగుతుంది, జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్లకు పైగా వస్తుంది. కంఫర్ట్ 0 డౌన్ బ్యాగ్ సుమారు కిలో లోపు నుంచి కిలో పైచిలుకు దాకా ఉంటే, సింథటిక్‌ది కిలోన్నర నుంచి రెండు కిలోలు. కానీ డౌన్ తడిస్తే ముద్ద కడుతుంది, వెచ్చదనం పోతుంది. ధర కూడా రెండు మూడింతలు.

సింథటిక్ తడిసినా కొంత వెచ్చగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ పోగులు చదునై పోతాయి.

నేనైతే ఇలా తేల్చుకోమంటాను. మారేడుమిల్లి, అరకు, పాపికొండలు, నల్లమల లాంటి చోట్లకే ఎక్కువగా వెళ్తారా? అక్కడ పొగమంచు కురిసి టెంటు లోపల కూడా చెమ్మ పడుతుంది, చలి మరీ లోతుగా ఉండదు, సింథటిక్ తీసుకోండి. హిమాలయాల్లో పొడి చలికి, బరువు మీ వీపు మీదే మోసుకుంటూ వెళ్తారా? డౌన్‌కు డబ్బు పెట్టండి.

డౌన్ కొనేటప్పుడు ఫిల్ పవర్ (డౌన్ ఎంత బాగా పొంగుతుందో చెప్పే అంకె)తో పాటు లోపల ఎన్ని గ్రాములు నింపారో కూడా అడగండి. 800 ఫిల్ పవర్ అని గొప్పగా రాసి 200 గ్రాములే నింపితే ఆ బ్యాగ్ వేసవికి మాత్రమే పనికొస్తుంది. మోటు లెక్కగా, ఒంటికి అమిరే ఆకారంలో ఉన్న బ్యాగ్ కంఫర్ట్ 0కి చేరాలంటే 800 పైన ఫిల్ పవర్ ఉన్న డౌన్ 450 గ్రాములు, 650 ఉన్నదైతే 600 గ్రాముల దాకా కావాలి. గ్రాములు చెప్పని దుకాణదారుడి దగ్గర కొనకండి.

6. కొలతలు తీసుకోండి

మీ ఎత్తుకు 15 నుంచి 20 సెంటీమీటర్లు కలపండి, అది బ్యాగ్ లోపలి పొడవు. రెగ్యులర్ సైజు సాధారణంగా 180 సెంటీమీటర్ల ఎత్తు వాళ్ల దాకా సరిపోతుంది. పొట్టివాళ్లు పొడవాటి బ్యాగ్ తీసుకుంటే కాళ్ల దగ్గర ఖాళీని ఒంటి వేడితోనే నింపాల్సి వస్తుంది. అలాంటి బ్యాగ్ ఇప్పటికే ఉంటే మర్నాటి పొడి బట్టలు అడుగున కుక్కండి.

తర్వాత జాకెట్ వేసుకుని, చేతులు పక్కకు పెట్టుకుని, భుజాల చుట్టూ టేపుతో కొలవండి. దానికి 15 నుంచి 20 సెంటీమీటర్లు కలిపితే భుజాల దగ్గర బ్యాగ్ చుట్టుకొలత వస్తుంది. ఇంతకంటే బిగుతుగా ఉంటే మీ భుజమే నింపుడును లోపలి నుంచి నలిపేస్తుంది. తల దగ్గర వెడల్పుగా, కాళ్ల దగ్గర సన్నగా ఉండే మమ్మీ ఆకారం వెచ్చన. దీర్ఘచతురస్రపు బ్యాగ్ కాళ్లు చాపుకోవడానికి హాయి, కానీ 10 డిగ్రీల కిందికి వద్దు.

జంటగా వెళ్లేవాళ్లు ఒకే మోడల్‌లో ఒకటి ఎడమ జిప్, ఇంకొకటి కుడి జిప్ తీసుకుంటే రెండూ కలిపి ఒకటిగా వేసుకోవచ్చు.

7. కుట్టు, జిప్, హుడ్

బ్యాగ్‌ను ట్యూబ్‌లైటు ముందు పట్టుకుని చూడండి. పై గుడ్డ, లోపలి గుడ్డ నేరుగా కలిపి కుట్టేసి ఉంటే కుట్టు గీతల వెంట వెలుతురు సన్నగా కనిపిస్తుంది. ఆ గీతల్లో నింపుడు ఉండదు, చలి అక్కడి నుంచే దూరుతుంది. 5 డిగ్రీల పైన ఇది పర్వాలేదు. సున్నా కిందికైతే లోపల అడ్డగోడలు కుట్టి గదులుగా చేసినదే కావాలి. గదుల మధ్య ఖాళీ మచ్చలు కనిపించినా వద్దు.

సున్నా కిందికి వెళ్లేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి: తాడు లాగితే ముఖం చుట్టూ మూసుకునే హుడ్, మెడ చుట్టూ నింపుడు ఉన్న కాలర్, జిప్ వెంట లోపల దిండులా ఉండే పట్టీ. జిప్‌ను లోపలి నుంచి, ఒక్క చేత్తో, పదిసార్లు వేసి తీయండి. ప్రతిసారీ గుడ్డను కొరుకుతుంటే చీకట్లో చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అది మీ చేత కాదు.

8. కొన్నాక, బయల్దేరే ముందు పరీక్ష

బ్యాగ్‌ను పొట్లంలోంచి తీసి రెండుసార్లు దులిపి గంటన్నర వదిలేయండి. అప్పుడు పొంగు కొలవండి. పై పొర ఒక్కదాని మందం కంఫర్ట్ 0 బ్యాగ్‌కు సుమారు 4.5 నుంచి 5 సెంటీమీటర్లు, మైనస్ 10కి 6 సెంటీమీటర్ల పైన ఉండాలి. అద్దె బ్యాగ్ 2 సెంటీమీటర్లే పొంగితే లేబుల్ మీద ఏమున్నా నమ్మవద్దు. వాసన కూడా చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే అది తడిగా నిల్వ ఉన్న బ్యాగ్.

తర్వాత మీ మ్యాట్ మీదే, మీ బట్టలతోనే ఒక రాత్రి ఇంట్లో నేల మీద పడుకోండి. హైదరాబాదు ఇంట్లో వెచ్చదనం తెలియదు, నిజమే. కానీ పక్కకు తిరిగినప్పుడు మోకాళ్లు తగులుతున్నాయా, మ్యాట్ జారుతోందా, తెల్లారేసరికి గాలి దిగిందా అన్నవి తెలుస్తాయి.

బుష్‌క్రాఫ్ట్ (అడవిలో దొరికేవాటితో గడిపే క్యాంపింగ్) వాళ్లకు విడిగా

నిప్పు దగ్గర పడుకునేవాళ్లకు నైలాన్, పాలిస్టర్ బ్యాగ్ పెద్ద ఇబ్బంది. ఒక్క నిప్పురవ్వ పడితే చిన్న రంధ్రం కరిగి, దాంట్లోంచి డౌన్ రాత్రంతా ఎగిరిపోతుంది. నిప్పుకు కనీసం మూడు మీటర్ల దూరంలో, గాలి వచ్చే వైపు పడుకోండి. ఇంకా మంచి దారి, బ్యాగ్ పైన ఉన్ని గొంగడి కప్పుకోవడం. ఉన్ని మంట అంటుకుని కరగదు, మాడి ఆగుతుంది, తేమ పట్టినా వెచ్చగానే ఉంటుంది. బరువు ఎక్కువ గనుక దూరం నడిచే ట్రెక్కుకు కాదు, ఒకచోట రెండు రోజులు ఉండే క్యాంపుకు. రంధ్రం పడితే నైలాన్ అతుకు టేపును గుండ్రంగా కత్తిరించి అంటించండి, మూలలు ఉంటే లేచిపోతుంది.

మ్యాట్ లేకపోతే ఎండు గడ్డి, ఎండుటాకులు పరుచుకోవచ్చు. మీ బరువుకు నలిగాక కూడా జానెడు మందం మిగలాలి. ముందు కర్రతో బాగా కదిపి చూడండి, తేళ్లు, జెర్రులు అక్కడే ఉంటాయి. బ్యాగ్‌ను చీకటి పడేదాకా విప్పవద్దు, విప్పాక జిప్ వేసే ఉంచండి, లోపలికి దూరే ముందు దులపండి.

అటవీ శాఖ అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండవద్దు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, అనుమతి ఉన్న చోటే మంట.

రాత్రి చేసే పొరపాట్లు

తల కూడా లోపల పెట్టుకుని ఊపిరి వదలడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. ఊపిరిలోని తేమ నింపుడులోకి పోతుంది, రెండో రాత్రి బ్యాగ్ మొదటి రాత్రి కంటే చల్లగా ఉంటుంది. ముక్కు, నోరు బయట ఉంచి హుడ్ బిగించండి.

బ్యాగ్ వేడి పుట్టించదు, మీ వేడిని పట్టి ఉంచుతుంది. వణుకుతూ దూరితే వణుకుతూనే ఉంటారు. ముందు ఏదైనా తిని, ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి దూరండి. నడిచిన సాక్సులు విప్పేసి పొడి సాక్సులు వేసుకోండి. మూత్రం ఆపుకుని పడుకోవద్దు. వేడినీళ్ల సీసా పెట్టుకోవాలనుకుంటే గట్టి ప్లాస్టిక్‌ది, మూత బిగిసేది తీసుకుని, తలకిందులు చేసి కారడం లేదని చూసుకుని, సాక్సులో పెట్టి తొడల మధ్య ఉంచుకోండి. కొట్లో కొన్న పలచటి నీళ్ల సీసాలో వేడినీళ్లు పోయవద్దు.

మూసిన టెంటులో స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ ఏ పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తెల్లారాక ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోండి

- నడుము, తుంటి చల్లబడితే మ్యాట్ చాలలేదు. బ్యాగ్ మార్చినా ఫలితం ఉండదు.
- మెడ, భుజాల దగ్గర చల్లగాలి తగిలితే కాలర్ తాడు బిగించలేదు, లేదా బ్యాగ్ మీకు వదులు.
- పాదాలు మాత్రమే చల్లబడితే తడి సాక్సులు, లేదా టెంటు గోడకు తగిలి బ్యాగ్ అడుగు తడిసింది.
- ఒక పక్క మాత్రమే చల్లగా ఉంటే జిప్ పట్టీ ఇరుక్కుంది.
- ఒళ్లంతా చల్లబడితే రేటింగే తక్కువ. లైనర్ కలిపితే నిజంగా వచ్చేది రెండు నుంచి ఐదు డిగ్రీలు. పెట్టె మీద 14 అని రాసి ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు.

పక్కన పడుకున్నవాళ్ల మాట తడబడుతుంటే, వణుకు ఆగిపోయి మగతగా ఉంటే అది బ్యాగ్ సమస్య కాదు, వైద్య అత్యవసరం. తడి బట్టలు తీసి, పొడివి వేసి, ఒంటి వేడి తగిలేలా పట్టుకుని ట్రెక్ లీడర్‌ను వెంటనే లేపండి.

ఇంటికొచ్చాక

పొట్లంలోంచి తీసి నీడలో ఒక రోజు ఆరబెట్టండి. నిల్వ చేసేటప్పుడు కుదించే సంచిలో ఎప్పుడూ ఉంచవద్దు, నెలల తరబడి నలిగిన నింపుడు మళ్లీ పూర్తిగా పొంగదు. పాత నూలు దుప్పటితో పెద్ద సంచి కుట్టించి వదులుగా వేయండి, లేదా బీరువాలో వేలాడదీయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో నెలకోసారి బయటకు తీసి గాలి తగలనివ్వండి, లేకపోతే బూజు పడుతుంది. కలరా ఉండలు వేయవద్దు, ఆ వాసన ఏళ్లు పోదు, మీరు రాత్రంతా పడుకునేది అందులోనే.

ఉతకడం ఏడాదికోసారి కంటే ఎక్కువ అక్కర్లేదు, లైనర్ వాడితే ఇంకా తక్కువ. డౌన్‌కు ప్రత్యేకమైన సబ్బు, ముందు తలుపున్న వాషింగ్ మెషిన్, మెల్లటి సైకిల్. ఫాబ్రిక్ కండిషనర్, డ్రైక్లీనింగ్ రెండూ వద్దు. తడి బ్యాగ్‌ను ఒక చివర పట్టుకుని లేపితే లోపలి గోడలు చిరుగుతాయి, రెండు చేతులతో మొత్తం ఎత్తండి. డ్రయర్‌లో తక్కువ వేడి మీద, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులతో మూడు నాలుగు గంటలు తిప్పాలి. డ్రయర్ లేకపోతే వేసవిలోనే ఉతికి, నీడలో బల్లపరుపుగా పరిచి, గంట గంటకూ ముద్దలను వేళ్లతో విడదీస్తూ మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. పైకి పొడిగా అనిపించినా చేత్తో నొక్కినప్పుడు ఎక్కడైనా గట్టి ముద్ద తగిలితే లోపల ఇంకా తడి ఉందని అర్థం. అప్పుడు బీరువాలో పెట్టకుండా ఇంకో రోజు ఆరబెట్టండి.